తివాచీని ముందు తిరగేయండి

(గత ఆదివారం సాయంత్రం మా కాలనీ గ్రంథాలయం మేడమీద జరిగిన ప్రసంగం ఇది. వక్తది ఏలూరు. షార్జాలో ఒక తివాచీల కొట్లో చాలా ఏళ్లు పనిచేసి వచ్చారు. వాన వల్ల రాలేకపోయినవాళ్లు అడిగితే రికార్డింగు విని టైపు చేశాం. తడబాట్లు మాత్రం తీసేశాం.)

అందరికీ నమస్కారం. ముందు వరసలో కూర్చున్నవాళ్లు కాస్త కాళ్లు వెనక్కి తీసుకోవాలి, తివాచీలు పరవాలి. అయ్యో, చెప్పులు విప్పక్కర్లేదండీ. తొక్కడానికే కదా చేసింది. మనవాళ్లు తివాచీ కొని, దాని మీద ప్లాస్టిక్ కవరేసి, ఆ కవరు మీద మళ్లీ దుప్పటి వేస్తారు. మా చిన్నాన్న ఇంట్లో అలాగే ఉండేది. ఇరవై ఏళ్లలో ఆ తివాచీ రంగేమిటో నేను చూడలేదు.

మూడు తెచ్చాను. చూడండి, మూడూ అటూ ఇటూగా ఒకలాగే ఉన్నాయి. ఎర్రటి నేల, ముదురు నీలం అంచు, మధ్యలో పతకంలా పెద్ద పువ్వు. వెనక ఉన్నవాళ్లకి కనిపిస్తోందా? కనిపించకపోతే లేచి రండి, ఇది సినిమా హాలు కాదు. ఇప్పుడు చెప్పండి, వీటిలో ఒరిజినల్ ఏది? మొదటిదనేవాళ్లు చెయ్యెత్తండి. పది మంది. రెండోది? నలుగురు. మూడోది? అబ్బో, సగం హాలు. ఎందుకమ్మా మూడోది? "మెరుస్తోంది" అంటున్నారు. సరే, గుర్తుపెట్టుకోండి ఆ మాట. ఆ మెరుపుకే నేను కూడా డబ్బు పోగొట్టుకున్నాను.

ఇప్పుడు జవాబు చెప్తాను. మొదటిది ఇరాన్‌దే, కాషాన్ ఊరిదే. అందులో అబద్ధం లేదు. కానీ మిషన్ మీద నేసింది. రెండోది ఇరాన్‌లో హమదాన్ ప్రాంతంది, చేత్తో నేసింది, ఉన్ని. మూడోది టర్కీది, ఇదీ చేత్తో నేసిందే. కాకపోతే పట్టు అని అమ్మారు, పట్టు కాదు. మరి ఒరిజినల్ ఏది? చెప్పండి. మొదటిది ఒరిజినల్ ఇరానీ. మూడోది ఒరిజినల్ చేతిపని. చూశారా, మన ప్రశ్నలోనే తిరకాసు ఉంది.

"ఒరిజినలా?" అని అడిగితే కొట్టువాడు "ఒరిజినల్ సార్" అంటాడు. వాడు అబద్ధమాడలేదు కూడా. మనం అడగాల్సినవి నాలుగు. చేతిదా, మిషన్‌దా? దేంతో నేశారు? ఎక్కడ నేశారు? ఎప్పుడు నేశారు? మొదటి ప్రశ్న మీరే అయిదు నిమిషాల్లో తేల్చుకోవచ్చు. రెండోది కాస్త కష్టపడితే తేలుతుంది. మూడోది అనుభవం ఉంటే ఒక అంచనాకి వస్తాం. నాలుగోది, వయసు, అందులో మ్యూజియంలే మోసపోయాయి. ఆ కథ తర్వాత చెప్తాను.

కాషాన్ పేరు వినగానే చేతిపని అనుకోకండి. యునెస్కో 2010లో కాషాన్ నేత నైపుణ్యాన్నీ, ఫార్స్ ప్రాంతం నేత నైపుణ్యాన్నీ వారసత్వ జాబితాలో చేర్చింది, నిజమే. కానీ అదే కాషాన్ చుట్టుపక్కల ఇవాళ మిషన్ తివాచీల ఫ్యాక్టరీలు బోలెడు. టర్కీలో గాజియాంతెప్ అని ఊరుంది, అది మిషన్ తివాచీలకు పెట్టింది పేరు. కాబట్టి వెనక "మేడ్ ఇన్ టర్కీ" అని ఉందంటే అది ఏ దేశందో తెలుస్తుంది, అంతవరకే. ఇరాన్ మిషన్ తివాచీల మీద "700 షానే", "1200 షానే" అని రాస్తారు. షానే అంటే దువ్వెన, మన మగ్గంలో అచ్చు పన్నె లాంటిది. మీటరు వెడల్పుకి ఇన్ని పళ్లు అని లెక్క. ఆ అంకె చూసి "అబ్బ, ఎన్ని ముళ్లో" అని మురిసిపోయేవాళ్లని నేను చూశాను. ముడి అంటే చేత్తో వేసేది, అది ఒక్కటి కూడా ఉండదు అందులో.

సరే, తిరగేద్దాం. మూడూ బోర్లా వేస్తున్నాను. బాబూ, ఆ కొస పట్టుకో.

అందరూ చెప్పే చిట్కా ఏమిటి? "వెనకవైపు కూడా డిజైన్ కనిపిస్తే చేతిది." యూట్యూబ్‌లో కూడా అదే చెప్తారు. మరి ఈ మిషన్‌దాని వెనక చూడండి, డిజైన్ కనిపిస్తోందా లేదా? శుభ్రంగా కనిపిస్తోంది. కాబట్టి ఆ చిట్కా సగమే నిజం. కనిపించకపోతే అనుమానించండి. కనిపిస్తే ఇంకా దగ్గరగా చూడండి.

దగ్గరికి రండి అమ్మా, మీరే. చెయ్యి పెట్టి నిమరండి. ఎలా ఉంది? "గీతలు గీతలుగా ఉంది" అంటున్నారు. అదే. రూళ్ల పుస్తకంలా, ఈ చివర నుంచి ఆ చివర దాకా ఒకే ఎడంతో గీతలు. ఇప్పుడు పక్కదాన్ని నిమరండి. చిన్న చిన్న గింజలు తగులుతున్నాయా? నువ్వులు చల్లినట్టు? ఒక వరస లావు, ఒక వరస సన్నం. ఇక్కడ చూడండి, ఈ వరస కొంచెం వంకర పోయింది. ఆ రోజు నేసిన మనిషి పేకని, అంటే అడ్డపు పోగుని, కాస్త గట్టిగా కొట్టి ఉంటుంది. మనిషి చెయ్యి కదండీ, పొద్దున ఒకలా ఉంటుంది, సాయంత్రం ఒకలా ఉంటుంది.

ఇప్పుడు కుచ్చులు. ఇది ఆడవాళ్లకి చెప్పక్కర్లేదు. పట్టుచీర కొంగు చివర పోగులు వదిలేసి, వాటిని ముళ్లేసి కుచ్చులు కడతారా లేదా? ఆ పోగులు ఎక్కడివి? చీర పడుగువే, అంటే నిలువు పోగులే. బయట నుంచి తెచ్చి కుట్టినవి కావు. చేత్తో నేసిన తివాచీ కుచ్చులూ అంతే. పడుగు పోగులు మగ్గం నుంచి కోసినప్పుడు మిగిలిన చివరలు. ఇదిగో హమదాన్‌ది, కుచ్చు పోగు పట్టుకుని లోపలికి చూసుకుంటూ వెళ్తే అది తివాచీలోకే పోతుంది. మిషన్‌దానికి చూడండి, కుచ్చుల పట్టీ విడిగా తెచ్చి కుట్టారు. దారం కుట్టు కనిపిస్తోంది, గ్రంథాలయం పుస్తకానికి అట్ట కుట్టినట్టు.

అయితే ఇక్కడో మాట. పాత తివాచీకి కుచ్చులు అరిగిపోతే కొత్తవి కుట్టిస్తారు. కాబట్టి కుట్టిన కుచ్చు కనిపించగానే "దొంగ సరుకు" అని కొట్లో గొడవ పెట్టుకోకండి. నేనొకసారి కస్టమరు ముందు అలాగే నోరు జారితే మా యజమాని నన్ను వారం రోజులు టీలు మోయించాడు.

పక్క అంచులు కూడా చూడండి. చేతిదానికి నేస్తూ నేస్తూ అంచు చుట్టుకుంటూ వస్తారు, కాస్త ఎగుడుదిగుడుగా ఉంటుంది. టేపు తీసుకుని రెండు చివర్లా వెడల్పు కొలవండి. ఈ హమదాన్‌ది ఒక వైపు 104 సెంటీమీటర్లు, రెండో వైపు 107. మిషన్‌దానికి ఎక్కడ కొలిచినా ఒకటే.

ఇంకొక రకం ఉంది, దాంట్లో పడిపోయేవాళ్లు ఎక్కువ. టఫ్టెడ్ అంటారు. డ్రిల్లింగ్ మిషన్ లాంటి గన్ చేత్తో పట్టుకుని, గుడ్డలోకి ఉన్నిని పొడుచుకుంటూ పోతారు. వెనక రబ్బరు జిగురు పూసి, దాని మీద ఇంకో గుడ్డ అతికిస్తారు. అమ్మేటప్పుడు "హ్యాండ్ మేడే సార్" అంటారు. గన్ పట్టుకున్నది చెయ్యే కదా! వెనక గుడ్డ అంటించి ఉందంటే, వెనక చూపించడం వాళ్లకి ఇష్టం లేదని. ముక్కు దగ్గర పెట్టుకుంటే రబ్బరు వాసన కూడా తెలుస్తుంది. కొన్నేళ్లకి ఆ జిగురు పొడిపొడిగా రాలుతుంది. మీ ఇంట్లో తివాచీ కింద తెల్లటి పొడి ఊడుస్తున్నారా ఎవరైనా? ఇద్దరు తలూపారు. ఏం చెప్పను, అదే.

ఇక ముడి. అసలు టర్కీ, పర్షియా అని తేడా, పర్షియా అంటే ఇరాన్ పాత పేరే, ఎక్కడ వచ్చింది? ముడిలో.

నా రెండు వేళ్లు చూడండి. ఈ రెండూ పక్కపక్కన ఉన్న పడుగు పోగులు అనుకోండి. ఇది ఉన్ని పోగు, నాడా తాడు తెచ్చాను మీకు కనబడాలని. టర్కీ ముడి ఇలా. రెండు వేళ్ల మీదుగా అడ్డంగా వేసి, రెండు కొసల్నీ వెనక్కి తిప్పి, రెండు వేళ్ల మధ్య నుంచి ముందుకు లాగుతారు. రెండు వేళ్లకీ చుట్టు పడింది. అటూ ఇటూ సమానం. దీన్ని గియోర్దెస్ ముడి అంటారు, టర్కీలో గోర్దెస్ ఊరి పేరు మీద. ఇప్పుడు పర్షియా ముడి. ఒక వేలికి పూర్తిగా చుట్టి, రెండో వేలి కింద నుంచి ఊరికే పోనిచ్చారు. ఒక కొస వేళ్ల మధ్య నుంచి వచ్చింది, రెండోది బయట నుంచి వచ్చింది. ఒక వైపు గట్టి, ఒక వైపు వదులు. దీన్ని సెన్నే ముడి అంటారు, ఇరాన్‌లో సెన్నే ఊరి పేరు మీద.

ఇప్పుడు నవ్వొచ్చే సంగతి చెప్తాను. ఆ సెన్నే ఊళ్లో, ఇప్పుడు సనందజ్ అంటారు, అక్కడ నేసేది టర్కీ ముడి! పేరు ఒకటి, ఊళ్లో పని ఇంకొకటి. తబ్రీజ్ ఇరాన్‌లో ఎంత పెద్ద పేరు? అక్కడా టర్కీ ముడే. చిన్న కొక్కెం లాంటి కత్తితో చకచకా వేస్తారు. హమదాన్, హెరీజ్, బీజార్ అన్నీ టర్కీ ముడే. ఇరాన్‌లో పర్షియా ముడి వేసేది ఇస్ఫహాన్, కాషాన్, నాయిన్, ఖుమ్, కెర్మాన్ లాంటి చోట్ల. కాబట్టి ముడి చూసి దేశం చెప్పే మొనగాడు ఎవరైనా ఉంటే, వాడితో జాగ్రత్త. ముడి ఒక సాక్షి. ఒక్క సాక్షితో తీర్పు చెప్పం కదా?

మరి ముడి ఎలా చూడాలి? తివాచీని అడ్డంగా, పేక వెంబడి మడవండి. మడతలో ఉన్ని విచ్చుకుంటుంది. మొదట్లోకి చూడండి, రెండు పోగుల మీదా అడ్డంగా చిన్న కాలరులా కనిపిస్తే టర్కీ ముడి. కాలరు ఒక్క పోగు మీదే ఉంటే పర్షియాది. మిషన్‌దాన్ని మడిస్తే? ఇదిగో చూడండి, కాలరు లేదు, ముడి లేదు, పోగు ఊరికే వంగి లేచింది. పిన్నుతో లాగితే ఇదిగో, ఊడి వచ్చేసింది.

ముళ్లు లెక్కపెట్టడం గురించి. చదరపు అంగుళానికి ఎన్ని ముళ్లు అని అడుగుతారు. వెనక స్కేలు పెట్టి అడ్డంగా ఒక అంగుళం, నిలువుగా ఒక అంగుళం లెక్కపెట్టి గుణిస్తే సరి. సరే గానీ, ఇక్కడ ఒక మోసం నడుస్తుంది. కొన్ని తివాచీల్లో ఒక్కో ముడి వెనకవైపు రెండు గింజలుగా కనిపిస్తుంది. పడుగు పోగులు పక్కపక్కనే సమానంగా ఉన్నప్పుడు అలా వస్తుంది. ఒక పోగు ఇంకోదాని వెనక్కి నక్కినప్పుడు ఒక్క గింజే కనిపిస్తుంది. రెండు గింజలున్నదాన్ని గింజకొకటి చొప్పున లెక్కపెట్టి రెట్టింపు చెప్పేస్తారు. ఎలా కనుక్కోవాలి? డిజైన్‌లో ఎక్కడైనా ఒకే ఒక్క ముడి వేరే రంగు ఉన్న చోటు వెతకండి. ఈ పువ్వు మధ్య చుక్క చూడండి. వెనక పక్కపక్కనే రెండు తెల్ల గింజలు కనిపిస్తున్నాయా? ముందు తిప్పితే ఒకటే చుక్క. అంటే రెండు గింజలకి ఒక ముడి.

ఊరికో కొలత కూడా ఉంది. తబ్రీజ్‌లో రజ్ అంటారు, 7 సెంటీమీటర్లకి ఎన్ని ముళ్లో ఆ లెక్క. 50 రజ్ అంటే మంచి పని. నాయిన్‌లో లా అంటారు. అక్కడ తిరకాసు, కుచ్చులో ఒక పోగుని విప్పితే లోపల ఎన్ని దారాలు పేని ఉన్నాయో ఆ అంకె. 9 లా కంటే 6 లా సన్నది, 6 లా కంటే 4 లా సన్నది. అంకె తగ్గేకొద్దీ ధర పెరుగుతుంది.

ముళ్లెక్కువైతే మంచి తివాచీ అనుకోకండి. బీజార్‌ది ముతకగానే ఉంటుంది, కానీ పేకని ఎంత బిగించి కొడతారంటే దాన్ని "ఇనప తివాచీ" అంటారు. మడతపెట్టకూడదు, చుట్టాలి. అలాంటిది మూడు తరాలు తొక్కినా ఉంటుంది. నన్నడిగితే ఇంట్లో నడిచే చోటుకి ఖుమ్ పట్టు కంటే ముతక బీజారే కొనమంటాను. చాలామంది ఒప్పుకోరు.

కానీ ముళ్ల లెక్క ఒకందుకు పనికొస్తుంది. ధర నిజమా అబద్ధమా తేల్చడానికి. లెక్క వేద్దాం. 4 అడుగులు బై 6 అడుగులు, చదరపు అంగుళానికి 200 ముళ్లు. మొత్తం 24 చదరపు అడుగులు, అంటే 3,456 చదరపు అంగుళాలు. 200తో గుణిస్తే 6,91,200 ముళ్లు. చెయ్యి తిరిగిన మనిషి రోజుకి ఎనిమిది వేల ముళ్లు వేసిందనుకుందాం. 86 రోజులు. ఉన్ని, రంగు, మగ్గం ఎక్కించడం, కత్తిరించడం, ఉతకడం, ఓడ ఖర్చు, కొట్టు అద్దె, ఇవన్నీ పక్కన పెట్టండి. ఒక్క మనిషి మూడు నెలల కూలి. మరి దాన్ని మీకు పన్నెండు వేలకి ఎలా ఇస్తాడండీ? "క్లోజింగ్ సేల్, 80 శాతం తగ్గింపు" అంటే, ఆ 86 రోజులు ఎవరు ఎగ్గొట్టారో అడగండి.

ఇప్పుడు నా కథ. ఈ మూడోది, మెరిసేది.

షార్జాలో చేరి రెండేళ్లయింది. పని అంతా వచ్చేసిందనుకున్నాను. సెలవులో ఇస్తాంబుల్ వెళ్లాను. ఒక కొట్లో కూర్చోబెట్టి ఆపిల్ టీ ఇచ్చారు. తివాచీలు ఒకదాని మీద ఒకటి విసిరి విసిరి పరుస్తుంటే, మన చీరల కొట్లో సేల్స్‌మన్ చీరలు పరుస్తుంటే ఎలా కళ్లు తిరుగుతాయో అలా తిరిగాయి. పొద్దున్నే వెళ్లాను కదా, "మీదే మొదటి బేరం, కాదనకండి" అన్నాడు. వాళ్లు దాన్ని సిఫ్తా అంటారు. మన బోణీయే! ఏలూరువాణ్ణి, బోణీ బేరం పాడుచేస్తానా? "స్వచ్ఛమైన పట్టు, కైసేరి పని" అన్నాడు. కైసేరి టర్కీలో ఒక ఊరు. ఈ వైపు నుంచి చూస్తే లేత రంగు, ఆ వైపు నుంచి చూస్తే ముదురు రంగు. ఇదిగో, తిప్పుతున్నాను చూడండి. ఉన్నిగానీ పట్టుగానీ ముడివేసి కత్తిరిస్తే ఒక వైపుకి వాలి ఉంటుంది, అందుకే పోగుల కొసలకి ఎదురుగా నిలబడి చూస్తే ముదురుగా, అవి వాలిన దిక్కుకే చూస్తే లేతగా కనిపిస్తుంది. అది నిజమే. కానీ ఆ గుణం పట్టుకే కాదు, దేనికైనా ఉంటుంది. ఆ తెలివి అప్పుడు లేదు. 400 డాలర్లు పెట్టి కొన్నాను. అప్పట్లో అది నా రెండు నెలల జీతం.

తీసుకొచ్చి మా యజమానికి చూపించాను. ముసలాయన, ఇరానీ. ముందువైపు చూడనే లేదండీ. బోర్లా వేశాడు, వేలితో నిమిరాడు, పైన్నుంచి ఒక పోగు పీకాడు, లైటర్ వెలిగించాడు. భగ్గున మండి కాగితం కాలిన వాసన వచ్చింది. తెల్లటి బూడిద. ఒక్క మాట అనలేదు. లైటర్ నా చేతిలో పెట్టి వెళ్లిపోయాడు.

పట్టు కాలిస్తే ఏ వాసన రావాలి? వెంట్రుక కాలిన వాసన, పట్టుచీర కొనేవాళ్లందరికీ తెలుసు. ఉన్ని కాలిస్తే? అదీ వెంట్రుక వాసనే. మంట నుంచి తీస్తే ఆరిపోతుంది, నల్లటి పూసలా మిగిలి వేళ్లతో నలిపితే పొడవుతుంది. కాగితం వాసన వస్తే నూలు, లేదంటే విస్కోస్ అనే కృత్రిమ పట్టు. ప్లాస్టిక్‌లా కరిగి గట్టి ఉండ కడితే పాలిస్టర్ జాతి. కైసేరిలో కృత్రిమ పట్టుతో నేసేవాటిని ఫ్లోష్ అంటారు. ఫ్లోష్ అని చెప్పి ఫ్లోష్ ధరకి అమ్మితే తప్పేమీ లేదు. నాకు అలా చెప్పలేదు, అంతే. "ఆర్ట్ సిల్క్", "బాంబూ సిల్క్" అని ఇప్పుడు మన దగ్గరా అమ్ముతున్నారు. పట్టు అనే మాట ముందు ఇలాంటి మాట తగిలించారంటే అనుమానించండి.

ఒక జాగ్రత్త. కుచ్చు పోగు కాల్చకండి. పడుగు నూలు ఉండి పైన పట్టు ఉండొచ్చు, తిరగేసి కూడా ఉండొచ్చు. పైనున్న పోగే కాల్చాలి. అమ్మేవాణ్ణి అడిగే చేయాలి. వద్దంటే మీరే అర్థం చేసుకోండి.

ఇక్కడ ఈ మూల మచ్చ చూడండి. మా మనవడు మంచినీళ్ల గ్లాసు ఒంపాడు. నీళ్లే, మంచినీళ్లే! పసుపు రంగు తిరిగి, అట్టలా బిరుసెక్కింది. విస్కోస్ తడి తట్టుకోదు. అదే ఉన్ని అయితే టీ పడినా ఉతుక్కోవచ్చు.

ఎక్కడ నేశారు అన్నదానికి కొన్ని ఆనవాళ్లు. టర్కీ పల్లె తివాచీల్లో పడుగు కూడా ఉన్నే ఉంటుంది, పేక తరచు ఎర్రగా ఉంటుంది. ఇరాన్ పట్నాల తివాచీల్లో పడుగు నూలు, ఇస్ఫహాన్ మేలురకం అయితే పట్టు. ఖష్కాయ్ లాంటి సంచార జాతులది మళ్లీ ఉన్ని. ఉన్న గొర్రెల ఉన్నే కదా వాళ్లకి అందేది. కాషాన్, నాయిన్ తివాచీల వెనక తరచు నీలం పేక కనిపిస్తుంది. హమదాన్‌ది తిప్పి చూపిస్తాను, చదరంగం బల్లలా తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయా? ముళ్ల వరసకీ వరసకీ మధ్య ఒక్క పేకే వేస్తారు కాబట్టి పడుగు తొంగిచూస్తుంది. మీరు ఇది ఒక్కటి గుర్తుపెట్టుకున్నా చాలు, కొట్లో కాస్త భయపడతారు మిమ్మల్ని చూసి.

సంతకాన్ని మాత్రం నమ్మకండి. టర్కీలో హెరెకే ఉంది, 1843లో పెట్టిన సుల్తానుల కార్ఖానా ఊరు. చదరపు సెంటీమీటరుకి 100 ముళ్లతో పట్టు తివాచీలు నేస్తారు. మూలన "హెరెకే" అని నేసి ఉంటుంది. ఆ పేరు నేసిన చైనా తివాచీలు బజారులో ఎన్నో. అక్షరాలు కూడా ముళ్లేనండీ, ఎవరైనా వేయొచ్చు.

రంగుల దగ్గరికి వస్తే, 1856లో పెర్కిన్ అనే ఇంగ్లీషు కుర్రాడు మొదటి కృత్రిమ రంగు కనిపెట్టాడు. కొన్నేళ్లకే అవి టర్కీకీ పర్షియాకీ పాకాయి. తొలి రంగులు వెలిసిపోయేవి, కారేవి. అంతకుముందు అంతా మంజిష్ఠ జాతి వేరు, నీలిమందు, దానిమ్మ తొక్క, అక్రోటు తొక్క, పటిక. కలంకారీ తెలిసినవాళ్లకి ఇది ఇంట్లో సంగతే. తెల్ల గుడ్డ తడిపి గట్టిగా రుద్దండి, రంగు అంటితే వదిలేయండి. మడతలో మొదట్లోకి చూడండి. కొసన వెలిసి, కిందికి పోయేకొద్దీ మెల్లగా ముదురైతే ఎండా కాలమూ చేసిన పని. గీత గీసినట్టు పైన ఒక రంగు, కింద ఒక రంగు ఉంటే మందు పెట్టి ఉతికారని అనుమానం. కొత్తవాటిని పాతగా చూపించడానికి టీ నీళ్లలో ముంచుతారు, పొలాల్లో ఎండబెడతారు. ఇంకో చిత్రం, పాతవాటిలో నలుపు ఉన్నచోట వేలు పెడితే పల్లంగా తగులుతుంది. ఇనుముతో చేసిన నలుపు ఉన్నిని తినేస్తుంది. మన కలంకారీ నలుపూ ఇనుమూ బెల్లమే కదా.

అలాగని సహజ రంగులన్నీ పోయాయనుకోకండి. టర్కీలో అయ్వాజిక్ పల్లెల్లో 1981లో దోబాగ్ అని పథకం మొదలైంది. హరాల్డ్ బోమర్ అనే జర్మన్ రసాయన శాస్త్రం మాస్టారు పాత రంగుల కిటుకులు బయటపెట్టి మళ్లీ పల్లెటూళ్లకి నేర్పించాడు. కాబట్టి కొత్త తివాచీకీ వేరు రంగులు ఉండొచ్చు, మంచి కృత్రిమ రంగులున్న మేలైన తివాచీలూ ఉన్నాయి. రంగు చూసి వయసు చెప్పలేం.

వయసు అన్నాను కదా. రుమేనియాలో తియోడోర్ తుదుక్ అని ఒకాయన ఉండేవాడు. పోయిన శతాబ్దంలో, శతాబ్దాల నాటి టర్కీ తివాచీలు అని కొత్తవి నేయించి అమ్మాడు. మ్యూజియంలు కొన్నాయి. పండితులు పొగిడారు. దొంగ సరుకని బయటపడ్డాక ఏమైంది? ఇప్పుడు "తుదుక్ నకిలీ" అని విడిగా కొనుక్కునేవాళ్లున్నారు! దొంగదానికి కూడా ఒరిజినల్ ఉందండీ లోకంలో.

అతుకులున్నంత మాత్రాన నకిలీ కాదు, అది కూడా చెప్పాలి. లండన్ విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియంలో అర్దబీల్ తివాచీ ఉంది. పది మీటర్లకి పైన పొడవు. మఖ్సూద్ కాషానీ పేరూ, హిజ్రీ 946 అనే సంవత్సరమూ అందులోనే నేసి ఉన్నాయి, మన లెక్కలో 1539-40. 1893లో 2,000 పౌన్లకి కొన్నారు. అసలు అలాంటివి రెండు. ఒకదాని ముక్కలతో ఇంకోదాన్ని బాగుచేశారు. అంత పేరున్నదానికే అతుకులు.

అమెరికాలో పిల్లలున్నవాళ్లు ఎంతమంది? అడగనక్కర్లేదు. వాళ్లకి చెప్పండి, 2018 నుంచి ఇరాన్ తివాచీల దిగుమతి అక్కడ నిషేధం. అంతకుముందు వచ్చిన సరుకు అమ్ముకోవచ్చు. మరి డల్లాస్‌లో "మొన్ననే వచ్చిన కొత్త పర్షియన్" అని ఎవరైనా అంటే? అది ఉత్తరప్రదేశ్‌లో భదోహీదో, జైపూర్‌దో, పాకిస్తాన్‌దో అయి ఉండొచ్చు. తబ్రీజ్ డిజైన్ వేరు, తబ్రీజ్ వేరు. భదోహీ తివాచీలు మంచివే, నేను చిన్నచూపు చూడటం లేదు. మా ఏలూరు తివాచీలు మాత్రం? పర్షియా నుంచి వచ్చి స్థిరపడ్డ నేతగాళ్లు నేర్పిన పని అని మా ఊళ్లో తరతరాలుగా చెప్పుకుంటారు. దాన్ని ఏలూరు తివాచీ అనే కొనండి, ఏలూరు తివాచీ ధరకే కొనండి.

"కావాలనే ఒక తప్పు వదులుతారట, దేవుడొక్కడే లోపం లేనివాడని, నిజమేనా?" అని చీటీ వచ్చింది. అమ్మకానికి బాగా పనికొచ్చే కథ. ఏడు లక్షల ముళ్లు వేసే మనిషికి తప్పు కావాలని చేయాల్సిన పనేముందండీ?

ఎవరో తివాచీ తెచ్చామన్నారు. మీరేనా మాస్టారూ? తీసుకురండి, ఇక్కడ పరవండి. అల్లుడు కొన్నాడా? ఎంతో చెప్పకండి, ముందు చూద్దాం. తిరగేయండి. గింజలున్నాయి, గీతలు కావు. కుచ్చు లోపలికి పోతోంది. అంచు చేతిదే. వెడల్పు కొలుద్దాం. ఇటు 121, అటు 119. చేతిదే మాస్టారూ, ఆ భయం వద్దు. మడవండి. కాలరు ఒక్క పోగు మీదే ఉంది, కాబట్టి పర్షియా ముడి. పడుగు నూలు. పేక తెల్లగా ఉంది. లేబుల్ మీద "కాషాన్" అని రాశారు. ఊ... ఇరాన్‌దని ఒట్టేసి చెప్పలేను. ఈ ముడి మన దేశంలోనూ వేస్తారు, ఈ గులాబి రంగు చూస్తే నాకు మనవైపే అనిపిస్తోంది. స్కేలు ఇలా ఇవ్వండి. బాబూ, ఆ లైటు కొంచెం దగ్గరికి పట్టు. ఒక ముడికి ఒక గింజేనా? అవును, ఒకటే. లెక్కపెడదాం, మీరూ నాతో పాటు లెక్కపెట్టండి. ఒకటి, రెండు, మూడు...